డిగ్రీ మానేసి మిక్సింగ్‌లో కూర్చోనా?

ఈ వారం ఉత్తరం రాసిన అమ్మాయికి పంతొమ్మిదేళ్లు. సొంతూరు తెనాలి పక్కన పల్లె, ఉండేది విజయవాడలో హాస్టల్లో, చదివేది విజువల్ కమ్యూనికేషన్ డిగ్రీ, రెండో ఏడు. పేరు, కాలేజీ పేరు రాయొద్దంది, రాయడం లేదు. ఉత్తరం చాలా పెద్దది, కొంత కోపంలో రాసింది, కొంత ఏడుస్తూ రాసినట్టుంది, అందుకని నా మాటల్లో కుదించి చెబుతాను.

ఇంటర్ ఎంపీసీలో 931 మార్కులు. నాన్నకు ఎరువుల కొట్టు ఉంది, కూతుర్ని సీఎస్ఈ చదివించాలని ఆయన ఆశ. ఈ అమ్మాయి అలిగి, అన్నం మానేసి, అమ్మమ్మ చేత చెప్పించి ఈ కోర్సులో చేరింది. తీరా చేరాక చూస్తే నలభై మందికి ఒకటే మంచి కెమెరా, అది ఎప్పుడూ బీరువాలోనే, తాళం సార్ దగ్గర. ఎడిటింగ్ ల్యాబ్‌లో సగం సిస్టమ్‌లు ఆన్ కావు. పరీక్షలో మాత్రం 'షాట్లలో రకాలు వివరింపుము, 10 మార్కులు' అని వస్తుంది. క్లాసు మొత్తం కలిసి తీసిన షార్ట్ ఫిల్మ్‌లో డైరెక్షన్, కెమెరా మగపిల్లలు పంచుకున్నారు, ఈమె చేతికి మైకు ఇచ్చారు, చివరికి టైటిల్స్‌లో ఈమె పేరు 'థ్యాంక్స్' కింద వేశారు.

గుంటూరులో సొంత బాబాయికి ఫొటో స్టూడియో ఉంది. పెళ్లిళ్ల సీజన్‌లో సెలవులకు వెళ్లి అక్కడ మిక్సింగ్, అంటే పెళ్లి వీడియోల ఎడిటింగ్, చేసిపెడుతుంది, ఆయన తోచినప్పుడు తోచినంత ఇస్తాడు. ఇప్పుడు 'ఇంకా డిగ్రీ ఎందుకమ్మా, వచ్చేయ్, నెలకు 20 వేలిస్తా' అంటున్నాడు. ఇంకోపక్క హైదరాబాద్‌లో ఒక యూట్యూబ్ చానల్ వాళ్లు ఈమె చేసిన రీల్స్ చూసి ఎడిటర్‌గా రమ్మన్నారు, మూడు నెలలు జీతం లేని ట్రైనింగ్, ఆ తర్వాత 18 వేలు. నాన్నేమో ఈ కోర్సు మానిపించి బీకామ్ కంప్యూటర్స్‌లో వేస్తానంటున్నాడు, మూడో ఏడు ఫీజు కట్టేది లేదన్నాడు, రాత్రి షూటింగ్ అనే మాట ఇంట్లో ఎత్తకూడదు. 'నేను తప్పు కోర్సు తీసుకున్నానా మేడమ్? మానేసి పనిలోకి పోనా?' ఇదీ ప్రశ్న. మధ్యలో ఎక్కడో, దీనికి సంబంధం లేని సంగతిలా, 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు సింగ్‌నగర్‌లో ఇల్లు మునిగిన హాస్టల్ ఆయా చెప్పిన మాటలు ఫోన్లో రికార్డ్ చేసి దాచుకున్నానని రాసింది. చివర్లో ఇంకో ప్రశ్న: దాచుకున్న 40 వేలతో కెమెరా కొనుక్కోనా?

అమ్మాయ్, 'మీరు' అని రాస్తే నాకే ఎబ్బెట్టుగా ఉంటుంది, నువ్వనే అంటాను. చాలా ఏళ్లు ఎడిటింగ్ టేబుల్ దగ్గర కూర్చున్నదాన్ని కాబట్టి నీ ఉత్తరంలో కొన్నిచోట్ల నవ్వొచ్చింది, ఆ 'థ్యాంక్స్' దగ్గర మాత్రం ఒళ్లు మండింది. దాని సంగతి తర్వాత మాట్లాడదాం.

నువ్వు ఒకటే ప్రశ్న అడిగాననుకుంటున్నావు. అందులో డిగ్రీ కాగితం వేరు, ఈ కోర్సు వేరు, నీకు వచ్చిన పని వేరు, ఇంట్లో గొడవ వేరు. నాలుగింటినీ కలిపి కట్టేసి 'మానేయనా' అంటే ఎవరు మాత్రం ఏం చెప్తారు?

ముందు కాగితం సంగతి. పుణేలో 1960లో పెట్టిన ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, కోల్‌కతాలో 1995లో వచ్చిన సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్ ఉంది. ఈ రెంటిలోనూ డైరెక్షన్, కెమెరా, ఎడిటింగ్, సౌండ్ కోర్సులకు వెళ్లాలంటే బ్యాచిలర్ డిగ్రీ కావాలి, అది ఫలానా సబ్జెక్టే అయ్యుండాలని లేదు. ఢిల్లీ జామియాలో మాస్ కమ్యూనికేషన్ ఎమ్మే అయినా, మన నాగార్జున యూనివర్సిటీలో జర్నలిజం అయినా డిగ్రీ లేకుండా గుమ్మం ఎక్కనివ్వరు. సినిమా మీద విరక్తి పుట్టి రేపు గ్రూప్స్ రాద్దామనుకున్నా డిగ్రీయే అడుగుతారు. అంటే ఇప్పుడు మానేసి బాబాయి దగ్గరికో హైదరాబాదుకో పోతే నీ చేతిలో మిగిలేది ఇంటర్ మెమో. పనిలో పడ్డాక డిస్టెన్స్‌లో కట్టుకుంటానని అందరూ అంటారు. కట్టేవాళ్లు ఉన్నారు, నాకు తెలిసినవాళ్లలో మాత్రం చాలా తక్కువ, ఎందుకంటే పరీక్షల డేట్లూ పెళ్లి ముహూర్తాలూ ఒకే నెలల్లో వచ్చి కూర్చుంటాయి.

ఇందులోనే నీకు నచ్చని మాట ఇంకొకటుంది. ఏ డిగ్రీ అయినా పనికొస్తుందంటే మీ నాన్న చెప్పే బీకామ్ కూడా పనికొస్తుందన్నమాటే. బీకామ్ చదివి పుణే వెళ్లొచ్చు. ఆయన నీ దారికి అడ్డంగా గోడ కడుతున్నాడని రాశావు, అంత పెద్ద గోడేం కాదది. కాకపోతే బీకామ్‌కి మారితే దాదాపు మళ్లీ మొదటి ఏడు నుంచే మొదలు, రెండేళ్లూ ఆ ఫీజులూ నీళ్లపాలు, పైగా నీకిష్టం లేని అకౌంటెన్సీ మూడేళ్లు. ఈ లెక్క ఎమోషన్ లేకుండా ఆయనకు చెప్పి చూడు. ఎరువుల కొట్టు నడిపే మనిషికి నష్టం లెక్క నీ కలల కన్నా తొందరగా అర్థమవుతుంది.

ఇక కోర్సు. కెమెరా బీరువాలో ఉందన్నావు. రాష్ట్రంలో చాలా కాలేజీల్లో పరిస్థితి అదే, కాలేజీలకు గ్రేడ్ ఇచ్చే న్యాక్ వాళ్లు వచ్చే వారం మాత్రం అది బయటికొచ్చి స్టాండ్ ఎక్కుతుంది. దీన్ని సమర్థించను. నువ్వొక్కదానివే సార్‌ని అడిగితే పని కాదు, పదిమంది సంతకాలు పెట్టి, శని ఆదివారాలు ఎవరు తీసుకెళ్తారు, ఎవరి పూచీ, రిజిస్టర్ ఎవరు రాస్తారు అని కాగితం మీద పెట్టి హెచ్‌వోడీకి ఇవ్వండి. తాళం ఇవ్వకపోవడానికి సగం కారణం పాడైతే తన జీతంలో కోస్తారేమోనన్న భయం. ఆ భయానికి జవాబు చూపిస్తే కొన్నిసార్లు తాళం వస్తుంది. రాకపోతే రాదు, అప్పుడు ఇంక ఆ కెమెరాని మనసులోంచి తీసేయ్.

ఎందుకంటే ఈ కోర్సు నీకు ఇవ్వగలిగింది కెమెరా కాదని నా అభిప్రాయం. నలభై మంది తోటివాళ్లు, తీరిక, ఇంకా కాలేజీ లెటర్‌హెడ్. నవ్వకు. గుంటూరు మిర్చి యార్డులోకి కెమెరా పట్టుకుని వెళ్లి చూడు, ఎవరు పంపారు, ఏ చానల్, ఎందుకు తీస్తున్నావని వందమంది అడుగుతారు. అదే ప్రిన్సిపాల్ సంతకంతో 'మా విద్యార్థిని, ప్రాజెక్టు నిమిత్తం' అని ఒక లెటర్ చూపిస్తే టీ ఇచ్చి మరీ కూర్చోబెడతారు. మంగళగిరిలో గుంట మగ్గాల దగ్గర, కొండపల్లిలో బొమ్మలు చేసేవాళ్ల ఇళ్లలో, దుర్గగుడి కింద పూలు కట్టేవాళ్ల దగ్గర, స్టూడెంట్ అనే మాటకి తెరుచుకున్నంత సులువుగా తలుపులు మళ్లీ ఎప్పుడూ తెరుచుకోవు. ఉద్యోగంలో చేరిన రోజునుంచి నీ వెనకాల ఒక కంపెనీ పేరు ఉంటుంది, జనం ఆచితూచి మాట్లాడతారు.

రెండోది ఇంటర్న్‌షిప్. మన రాష్ట్రంలో డిగ్రీకి దాన్ని తప్పనిసరి చేశారు కదా, మొదటి ఏడు అయ్యాక కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో ఏడు అయ్యాక వేసవిలో రెండు నెలలది, మూడో ఏడులో ఏకంగా ఒక సెమిస్టర్ మొత్తం. అటానమస్ కాలేజీ అయితే కొద్దిగా అటూఇటూ ఉంటుంది. దీన్ని ఎక్కువమంది ఏం చేస్తున్నారో నీకూ తెలుసు, ఎవరో అంకుల్ దగ్గర సర్టిఫికెట్ రాయించుకుని ఇంట్లో పడుకుంటున్నారు. నువ్వు హైదరాబాద్ వాళ్ల దగ్గర జీతం లేకుండా చేయబోయిన మూడు నెలల పని ఇదే ఇంటర్న్‌షిప్‌లో చేస్తే దానికి క్రెడిట్లు వస్తాయి, డిగ్రీ పోదు. వాళ్లకి ఒక మెయిల్ పెట్టు: ఇప్పుడు రాలేను, ఫలానా సెమిస్టర్‌లో కాలేజీ తరఫున వస్తాను, తీసుకుంటారా? నిజంగా నీ పని నచ్చినవాళ్లయితే సరేనంటారు. 'లేదు, సోమవారమే రావాలి' అంటే వాళ్లకి కావాల్సింది నువ్వు కాదు, ఊరికే దొరికే మనిషి.

అయినా సరే వెళ్తానంటే, అదీ ఒక దారే, వెళ్లి బాగుపడినవాళ్లు లేకపోలేదు. కానీ ఫోన్ తీసి ముందు అమీర్‌పేట వైపు షేరింగ్ హాస్టల్ ఎంతో కనుక్కో, తిండి, బస్సు కలుపు, జీతం లేని మూడు నెలలకీ ఆ డబ్బు ఎవరిస్తారో రాసుకో. నీ 40 వేలు అక్కడే కరిగిపోతాయి. ట్రైనింగ్ అయ్యాక తీసుకుంటామన్న మాట వాట్సాప్‌లో కాకుండా కాగితం మీద ఉండాలి. ఇంకొకటి, అక్కడ ఎంతమంది పనిచేస్తారో అడుగు. పదిమంది, ఆపైన ఉన్న చోట 2013 చట్టం ప్రకారం ఆడవాళ్ల ఫిర్యాదులు వినడానికి కమిటీ ఉండి తీరాలి. ఆ ప్రశ్న వినగానే అవతలి గొంతు ఎలా మారుతుందో గమనించు, సగం విషయం అక్కడే తెలిసిపోతుంది.

మన దగ్గర పని లేదా అంటే, ఉంది, కానీ ఎలాంటిది ఉందో తెలిసి ఉండాలి. గాంధీనగర్‌లో డిస్ట్రిబ్యూటర్ల బోర్డులు చూసి పిల్లలు సినిమా అంతా బెజవాడలోనే ఉందనుకుంటారు. ఇక్కడ సినిమా కొంటారు, అమ్ముతారు, తీసేది హైదరాబాద్‌లో. విజయవాడ, గుంటూరుల్లో నికరంగా దొరికేవి న్యూస్ చానళ్లు, పెళ్లిళ్లు, ఆస్పత్రులూ నగల షాపులూ కార్పొరేట్ కాలేజీల యాడ్లు, ఎన్నికలప్పుడు పార్టీల సోషల్ మీడియా పని. ఇందులో దేన్నీ చిన్నచూపు చూడక్కర్లేదు. ర్యాంకుల యాడ్ ఒక్క రాత్రిలో కట్ చేసి పంపినవాళ్లకి డెడ్‌లైన్ అంటే ఏమిటో ఏ లెక్చరరూ చెప్పక్కర్లేదు.

బాబాయి స్టూడియో దగ్గరికొస్తే, నీ ఉత్తరంలో 'పెళ్లి వీడియోలు కదా, అదేం గొప్ప' అన్న ధోరణి కనిపించింది. అది వదిలెయ్. జీలకర్ర బెల్లం పెట్టే క్షణానికి రీటేక్ లేదు. పంతులుగారు ఆగరు, బంధువులు ఫోన్లు పట్టుకుని అడ్డం వస్తారు, ఆ నిమిషంలో ట్రెడిషనల్ కెమెరా అతను, క్యాండిడ్ అతను, డ్రోన్ అతను ఒకరి ఫ్రేమ్‌లోకి ఒకరు రాకుండా నిలబడాలి. నువ్వు కూర్చుని ఆ మూడు నాలుగు కెమెరాల ఫుటేజ్ నాదస్వరం చప్పుడు పట్టుకుని సింక్ చేస్తున్నావే, అదే మల్టీక్యామ్ ఎడిటింగ్, టీవీ వాళ్లు డబ్బులిచ్చి చేయించేది అదే. ఒక కెమెరాలో స్టేజీ మీద ట్యూబ్‌లైట్లు కొట్టుకుంటున్నట్టు వచ్చిందని రాశావు కదా. మన కరెంటు 50 హెర్ట్జ్, ఆ అబ్బాయి షట్టర్ 60 లోనో ఇంకెక్కడో పెట్టి ఉంటాడు. 25 ఫ్రేములు, షట్టర్ 50 పెట్టమని చెప్పు, మామూలు ట్యూబ్‌లైట్ల కింద ఆ గొడవ పోతుంది. ఇది ఏ సిలబస్‌లోనూ నీకు తగల్లేదు చూడు, స్టూడియోలో తగిలింది.

కానీ నెలకు 20 వేలు అన్న మాట మీద కొంచెం ఆగు. పెళ్లిళ్ల పని నెలనెలా ఉండేది కాదు. ఆషాఢం ఖాళీ, పుష్యం ఖాళీ, మూఢం వస్తే వారాల తరబడి ఖాళీ, మళ్లీ మాఘం, వైశాఖం వచ్చాయంటే నిద్రుండదు. ఖాళీ నెలల్లో కూడా ఆ 20 వేలు ఇస్తాడా? ఇస్తాడనే అనుకుందాం, మంచి మనిషిలాగే ఉన్నాడు. ఇప్పటిదాకా మాత్రం తోచినంతే ఇచ్చాడన్నావు. సొంతవాళ్ల దగ్గర డబ్బు మాట్లాడటం మనకు నామోషీ, దానివల్లే తర్వాత మాటలు పడిపోతాయి. డిగ్రీ చదువుతూనే, నెలజీతం కాకుండా పెళ్లికి ఇంత అని ఒక రేటు మాట్లాడుకో. హైలైట్స్‌కి ఒకటి, ఫుల్ వీడియోకి ఒకటి, రెండోసారి మార్పులు అడిగితే దానికి వేరే. 'బాబాయ్, నాన్నకి లెక్క చూపించాలి' అను, ఆయనకి కోపం రాదు. ఇంకో సంగతి, బయటి మనిషిని కాబట్టి అనగలుగుతున్నాను: తమ్ముడి కొట్లో కూతురు జీతానికి కూర్చోవడం మీ నాన్నకు మింగుడుపడుతుందా? ఆయన కోపంలో సగం దాని మీదేనేమో ఒకసారి ఆలోచించు. నీకు కోర్సు గొడవలా కనిపించేది వాళ్లిద్దరి మధ్య ఎప్పటిదో లెక్క కావచ్చు, అందులో నువ్వు చదరంగం పావు కాకూడదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఇంత పెద్ద ఉత్తరంలో డైరెక్షన్ ఇవ్వలేదని పేజీ రాశావు, మైకు గురించి నాలుగు లైన్లు రాశావు. ఆ నాలుగు లైన్లే నన్ను పట్టుకున్నాయి. హీరో ఇంటి సీన్‌లో ఫ్యాన్ ఆపించానని, చెమటలు కారుతున్నా ఒప్పించానని, అందరూ ప్యాకప్ అంటుంటే 'ఒక్క అర నిమిషం ఎవరూ కదలొద్దు' అని ఖాళీ గది చప్పుడు రికార్డ్ చేశానని, ఎందుకో తెలియదు గానీ అవసరం అవుతుందనిపించిందని రాశావు. తల్లీ, దాన్ని రూమ్ టోన్ అంటారు. మాటల మధ్య కట్ చేసిన చోట ఆ చప్పుడు పరచకపోతే సీన్ గతుకుల రోడ్డులా ఉంటుంది. నీకు ఎవరూ చెప్పకుండా తట్టిందంటే నీ చెవి పనిచేస్తోందన్నమాట. నీ చేతిలో మైకు పెట్టినవాళ్లు నిన్ను తక్కువ చేయాలనే పెట్టారు, అది నాకూ తెలుసు. కానీ క్లాసులో డైరెక్టర్ కావాలనుకునేవాళ్లు ముప్పైమంది, సౌండ్ పట్టించుకునేది నువ్వొక్కదానివి.

సౌండ్‌లో బతుకు ఉందా అంటావు. ఉంది, ఇబ్బందులూ ఉన్నాయి. మన సినిమాల్లో డైలాగ్ ఎక్కువగా డబ్బింగ్ థియేటర్‌లోనే చెప్పిస్తారు కాబట్టి లొకేషన్‌లో సౌండ్ తీసుకునేవాళ్ల అవసరం తక్కువగా ఉండేది, సింక్ సౌండ్‌తో, అంటే షూటింగ్‌లోనే మాటలు రికార్డ్ చేసి, తీసే సినిమాలూ సిరీస్‌లూ ఇప్పుడు వస్తున్నాయి. డాక్యుమెంటరీకి సౌండ్ మనిషి లేకపోతే గడవదు. డైలాగ్ ఎడిటింగ్, ఫోలీ (అడుగుల చప్పుడులాంటివి స్టూడియోలో మళ్లీ పుట్టించడం), మిక్సింగ్ (పెళ్లి మిక్సింగ్ కాదు, సౌండ్ మిక్సింగ్) ఇవన్నీ గదిలో కూర్చుని చేసే పనులు. నువ్వు ఎంపీసీ చదివావు కదా, ఆ ఫిజిక్స్ ఇక్కడ అక్కరకొస్తుంది, ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లలో సౌండ్ కోర్సుకి ప్లస్ టూలో ఫిజిక్స్ ఉందా అని చూస్తారు. 931 మార్కులు వృథా అయ్యాయని బాధపడే నాన్నకి ఈ ముక్క చెప్పు. 2009లో సౌండ్‌కి ఆస్కార్ తెచ్చిన రసూల్ పూకుట్టి పుణేలో చదివింది కూడా ఈ కోర్సే అని చెప్పు, ఆస్కార్ అనే మాట ఎరువుల కొట్లో కూడా పనిచేస్తుంది. నీకు సౌండ్ ఇష్టం లేదు, డైరెక్షనే కావాలి అంటే నేను బలవంతపెట్టను. కాకపోతే ఏదో ఒక పని చేతిలో ఉన్నవాళ్లని సెట్‌కి పిలుస్తారు, 'నాకు డైరెక్షన్ ఇష్టం' అన్నవాళ్లని ఎవరూ పిలవరు.

ఆ ఆయా రికార్డింగ్. దాన్ని మధ్యలో ఎక్కడో పడేశావు గానీ, నీ దగ్గరున్న వాటిలో అదే ముందు పట్టుకోవాల్సింది. ఆమె డాబా మీద రెండు రాత్రులు ఎలా ఉందో, పాల ప్యాకెట్ కోసం తాడు కట్టి బకెట్ ఎలా దించిందో చెప్పిందని రాశావు. ఆ రోజుల్లో చానళ్లన్నీ నీళ్లు చూపించాయి, పడవలు చూపించాయి. ఒక మనిషి తీరిగ్గా కూర్చుని చెప్పిన మాట నీ ఫోన్‌లో ఉంది. ముందు ఆమెని అడుగు, దీన్ని పదిమందికి వినిపించొచ్చా అని. వద్దంటే అక్కడితో ఆపెయ్. సరేనంటే ఇంకోసారి కూర్చో, ఈసారి కాలర్ మైక్ పెట్టి, ఫ్యాన్ ఆపి. ఫ్రిజ్ పక్కన కూర్చోవాల్సి వస్తే దాన్నీ ఆపి నీ హాస్టల్ గది తాళాలు ఫ్రిజ్‌లోనే పడెయ్, తాళాల కోసం వెతికినప్పుడు ఫ్రిజ్ ఆన్ చేయాలని గుర్తొస్తుంది, సౌండ్ వాళ్లు చాలామంది చేసే పనే ఇది. ఇంకొకటి, ఊ కొట్టొద్దు. మనవాళ్లకు కథ వింటే ఊ కొట్టకపోతే తోచదు, ఆ ఊ ఆమె మాట మీద పడితే తర్వాత తీయలేవు. తల ఊపు, చాలు. మొదటి రికార్డింగ్‌లో నీ ఊలు ఎన్ని ఉన్నాయో విని చూడు, నవ్వుకుంటావు.

తర్వాత ఆమె మాటలన్నీ కాగితం మీద ఎక్కించు, విసుగొస్తుంది, అయినా ఎక్కించు, కట్ అక్కడే మొదలవుతుంది. పదిహేను నిమిషాల లోపు రావాలి. విషాదం మ్యూజిక్ వేయకు, ఆమె చెప్పే తీరులో అది అక్కర్లేదు. దీన్నే మూడో ఏడు ప్రాజెక్టుగా పెట్టుకో. 1948 నుంచి ఆకాశవాణి ఉన్న ఊరు ఇది, నాటకాలు రేడియోలో విని ఏడ్చిన పెద్దవాళ్లు ఇంకా ఇంటింటికీ ఉన్నారు, కేవలం చెవులతో వినే పనికి బెజవాడలో వినేవాళ్లు దొరకరని అనుకోకు. ఇంటర్న్‌షిప్‌కి వెళ్లినా, ఎంట్రన్స్ ఇంటర్వ్యూకి వెళ్లినా 'ఏం చేశావు' అంటే రీల్స్ చూపించేవాళ్ల మధ్య నువ్వు ఇది తీసి పెడతావు.

షార్ట్ ఫిల్మ్‌లో పేరు విషయం. గొడవ పెట్టుకోకు, అలాగని వదిలేయకు. గ్రూప్‌లో ఒకే ఒక్క మెసేజ్: 'సౌండ్ రికార్డింగ్ నేను చేశాను, టైటిల్స్‌లో అలా మార్చి మళ్లీ అప్‌లోడ్ చేయండి.' వివరణలు, బాధలు రాయకు. మార్చకపోతే ఆ మెసేజ్‌తో సహా సార్‌కి ఫార్వర్డ్ చెయ్యి, మార్కులు వేసేది ఆయనే. వచ్చేసారి షూటింగ్ మొదలవకముందే ఎవరు ఏ పని, టైటిల్స్‌లో ఎలా వేస్తారు అన్నది రాసుకున్నాకే మైకు ముట్టుకో.

నాన్నతో మాట్లాడేటప్పుడు కోర్సు గొప్పదని వాదించొద్దు, ఆయన బీరువా సంగతి అడిగితే నీ దగ్గర జవాబు లేదు. ఇంకో ఏడాది మాత్రమే అడుగు. మూడేళ్లకు డిగ్రీ చేతికొస్తుంది, నాలుగో ఏడు ఆనర్స్ ఇష్టమైతేనే. ఫీజులో కొంత నీ పెళ్లిళ్ల మిక్సింగ్ డబ్బుల్లోంచి కడతానను, కట్టు కూడా. అప్పటికీ ఆయన ససేమిరా అంటే అమ్మమ్మ ఉంది కదా, ఒకసారి పనిచేసిన మనిషి. రాత్రి షూటింగ్‌ల భయాన్ని పాతకాలం భయమని కొట్టిపారేయకు, నేను ఆడపిల్లగా ఆ రాత్రులు చూసినదాన్నే. షూటింగ్ ఉన్న రోజు ఎక్కడ, ఎన్ని గంటలకు, ఎవరెవరు వస్తున్నారు, వాళ్ల నంబర్లు, తిరిగి హాస్టల్లో ఎవరు దింపుతారు, ఇవన్నీ ఒక పేజీ రాసి నాన్నకి వాట్సాప్ పెట్టు. సినిమా వాళ్లు దీన్నే కాల్ షీట్ అంటారు, నీ కోసం ప్రత్యేకంగా కాదు, టీమ్ అందరికీ పంపు. రెండు మూడుసార్లు అందులో రాసిన టైముకే నువ్వు తిరిగి వచ్చావంటే ఆయన గొంతు తగ్గుతుంది. పూర్తిగా ఒప్పుకుంటాడని మాత్రం హామీ ఇవ్వలేను.

ఇక కెమెరా. కొనకు. ఈ 40 వేలకు వచ్చే బాడీ, దానితో ఇచ్చే లెన్స్ రెండేళ్లకు నీకే నచ్చదు, పైగా కావాల్సిన రోజున గుంటూరులో బాబాయి దగ్గర మూడు కెమెరాలున్నాయి, ఆషాఢంలో అవి ఊరికే పడుంటాయి, రేటు మాట్లాడుకునేటప్పుడు అది కూడా కలిపి అడుగు. ఒక చిన్న ఆడియో రికార్డర్, ఒక మంచి కాలర్ మైక్, చెవులు పూర్తిగా మూసే హెడ్‌ఫోన్స్, మైకుకి గాలి తగలకుండా ఆ బొచ్చు కవర్ తీసుకో, బ్యారేజీ మీద రికార్డ్ చేయాలంటే అది లేకుండా అవదు. నీ లాప్‌టాప్‌లో ర్యామ్ 8 జీబీ అన్నావు, పెంచడానికి వీలుంటే 16 చేయించు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌కి డావిన్చీ రిజాల్వ్ ఉచితంగా వచ్చేదే చాలు, సౌండ్‌కి అందులోనే ఫెయిర్‌లైట్ అని వేరే పేజీ ఉంటుంది, ఫుటేజ్ బరువైతే ప్రాక్సీలు, అంటే తేలికపాటి కాపీలు, చేసుకో. రెండు హార్డ్ డిస్కులు కొను, ఒకటి కాదు, రెండు, ఒకటి హాస్టల్లో, ఒకటి ఇంట్లో. సెకండ్ హ్యాండ్ రికార్డర్ దొరికితే తీసుకోవచ్చు, కానీ షాపులోనే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఏ మాటా లేకుండా ఒక నిమిషం రికార్డ్ చేసి, సౌండ్ పెంచి విను. బుస్సుమని వినిపిస్తే ఎంత తగ్గించి ఇస్తానన్నా తీసుకోకు.